పరాయి మట్టి చేతికి ఏం నేర్పుతుంది?

మీరు ఆరేళ్లుగా సెరామిక్స్ చేస్తున్నారు. ఇప్పుడు జపాన్‌లో ఒక ఏడాది ఉండి పని చేసుకునే అవకాశం వచ్చింది. అక్కడ ప్రేరణ ఎక్కడ వెతుక్కోవాలి, ఏం నేర్చుకోవాలి, తిరిగొచ్చాక నా పని జపాన్ కుండలకి నకలులా కనిపించకుండా ఎలా చూసుకోవాలి అని అడిగారు. చివరి ప్రశ్న గురించే మీకు ఎక్కువ టెన్షన్ ఉన్నట్టుంది. ఉండటం మంచిదే. నేను జపాన్‌లోని షిగరాకి అనే కుండల ఊళ్లో రెండేళ్లు పనిచేశాను. తిరిగొచ్చాక ఏడాదిన్నర పాటు మీరు దేనికి భయపడుతున్నారో సరిగ్గా అదే చేశాను. జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ప్రేరణ అనే మాట దగ్గరే నాకు పేచీ ఉంది. విదేశం వెళ్లిన కళాకారులు అక్కడి గుళ్లు, తోటలు, మంచు, టీ గిన్నెలు చూసి మారిపోయామని చెబుతుంటారు. నేనూ మొదట్లో అలాగే చెప్పేదాన్ని, వినేవాళ్లకి బాగుంటుంది కాబట్టి. కానీ అవన్నీ ఫోటోల్లో కూడా దొరుకుతాయి. నన్ను మార్చినవి మాట వినని మట్టి, అలవాటు లేని కిల్న్ (కుండలు కాల్చే బట్టీ), అటు తిరగాల్సింది ఇటు తిరిగే సారె. కళ్లతో తెచ్చుకున్నది ఒకటి రెండేళ్లలో వెలిసిపోయింది. చేతికి అంటుకున్నది ఇప్పటికీ పోలేదు.

సారె సంగతే ముందు చెబుతాను. జపాన్‌లో సంప్రదాయంగా సారె గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. నేను నేర్చుకున్నది దానికి ఎదురు దిశలో. ఎలక్ట్రిక్ సారెకి దిశ మార్చే మీట ఉంటుంది. పక్కన పనిచేసే పెద్దాయన ఫర్వాలేదు, మార్చుకోమన్నారు. నేను మార్చలేదు. పంతం అనుకోండి. లోపల ఉండాల్సిన చెయ్యి బయటికి, బయట ఉండాల్సింది లోపలికి వచ్చింది. అప్పటికి పదిహేనేళ్లుగా మట్టి పట్టుకున్న చేతులు మొదటి వారం ఒక్క కప్పు కూడా తిన్నగా తీయలేకపోయాయి. రాత్రి గదికి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి.

మూడు నెలలకి చెయ్యి కుదిరింది. అప్పుడు ఒక విచిత్రం గమనించాను. అంతకుముందు నేను చేసిన జాడీలన్నిటికీ భుజం కింద చిన్న వంపు ఉండేది. అది నా శైలి అని నేనూ, చూసినవాళ్లూ అనుకునేవాళ్లం. సారె అటు తిరిగేసరికి ఆ వంపు మాయమైంది. అంటే అది నేను ఎంచుకున్నది కాదు, నా మణికట్టు అలవాటు! నేను శైలి అనుకుంటున్న వాటిలో ఇంకెన్ని ఇలాంటివో అని అప్పుడు అనుమానం మొదలైంది. ఆ అనుమానం కోసమైనా మీరు వెళ్లాలి. మీట మార్చకండి, కనీసం మొదటి నాలుగు నెలలు.

పనిముట్లు కూడా ఇలాగే పాఠం చెబుతాయి. టొంబో అని ఒకటుంటుంది. టొంబో అంటే తూనీగ. నిలువు పుల్లకి అడ్డంగా ఇంకో పుల్ల గుచ్చి ఉంటుంది, అచ్చం తూనీగ రెక్కల్లా. కప్పు లోపల దింపితే లోతూ వెడల్పూ ఒకేసారి తెలుస్తాయి. పెద్ద మట్టి ముద్ద సారె మీద పెట్టి, దాని పైభాగం నుంచి ఒకదాని తర్వాత ఒకటి కప్పులు తీస్తూ, ప్రతిదాన్నీ తూనీగతో కొలుస్తూ, దారంతో కోసి పక్కన పెట్టేస్తారు. నాకు మొదట్లో అది ఫ్యాక్టరీ పనిలా అనిపించి చిరాకేసింది. రెండొందల కప్పులు ఒకే కొలతలో తీశాక తెలిసింది, కొలత ఒకటే అయినా ఏ రెండు కప్పులూ ఒకటి కావని. తేడా కోసం ప్రయత్నించడం మానేస్తే మిగిలే తేడా ఏదో అది మనది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

మట్టి పిసకడానికే మూడేళ్లు అని అక్కడ ఒక మాట ఉంది. పిసికిన ముద్ద మీద చామంతి రేకుల్లా మడతలు పడతాయి కాబట్టి ఆ పద్ధతిని కికునెరి అంటారు, చామంతి పిసుకుడు అని. మొదటి నెలలు ఊడ్చడం, పిసకడం, పలకలు మోయడంలోనే గడిచిపోవచ్చు. ఇందుకా ఇంత దూరం వచ్చింది అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

ఇక షిగరాకి మట్టి. షిగరాకి జపాన్‌లోని ఆరు పురాతన కుండల కేంద్రాల్లో ఒకటి. మిగిలినవి సెతో, తొకొనామె, ఎచిజెన్, తంబా, బిజెన్. ఈ ఆరింటినీ కలిపి 2017లో జపాన్ వారసత్వంగా గుర్తించారు. లక్షల ఏళ్ల కిందట అక్కడున్న బివా సరస్సు అడుగున పేరుకున్న మట్టి అది. గరుకుగా ఉంటుంది, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పలుకులు, తెల్ల రాతి గింజలు చేతికి గుచ్చుకుంటాయి. నాకు తెలిసిన మర్యాదైన పని ఏమిటంటే మట్టిని కలిపి, జల్లెడ పట్టి, వెన్నలా చేసుకోవడం. మొదటి వారం అదే చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. కిల్న్ నుంచి బయటికొచ్చాక చూస్తే మిగతావాళ్ల కుండల మీద ఫెల్డ్‌స్పార్ గింజలు కరిగి, ఉబ్బి, తెల్లటి ముత్యాల్లా పైకి పొడుచుకొచ్చాయి. గింజ చుట్టూ మట్టి చీలింది. దాన్ని ఇషిహజె అంటారు, రాయి పగలడం అని. నా కుండలు మాత్రం నున్నగా, ఇటుక ముక్కల్లా కూర్చున్నాయి. లోపం అనుకుని నేను జల్లెడలో తీసి పారేసిందే ఆ మట్టికి ఉన్న గొప్పతనం.

ఇక్కడ మీరు రాసుకోవాల్సింది ఇషిహజె అందంగా ఉంటుందని కాదు. నా దగ్గర ఉన్న మట్టిలోంచి నేను రోజూ ఏం తీసి పారేస్తున్నాను అన్న ప్రశ్న రాసుకోండి. ఇషిహజె షిగరాకిలోనే ఉండిపోతుంది. ప్రశ్న మీ వెంట వస్తుంది.

నిప్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. అనగామ అంటే వాలు మీద కట్టిన సొరంగం లాంటి ఒకే గది కిల్న్. రోజుల తరబడి రాత్రింబవళ్లు కట్టెలు వేస్తూ 1,250 నుంచి 1,300 డిగ్రీల దాకా తీసుకెళతారు. బిజెన్‌లో అయితే పది రోజులు దాటి కూడా కాలుస్తారు. మంట వెంట ఎగిరిన బూడిద కుండ మీద వాలుతుంది. బూడిదలోని కాల్షియం, పొటాషియం మట్టిలోని సిలికాతో కలిసి కరిగి గాజవుతాయి. గ్లేజ్, అంటే గాజు పూత, పూయకుండానే గ్లేజ్ అన్నమాట. ఆక్సిజన్ తక్కువైన మంటలో, ఇనుము వల్ల, ఆ గాజు ఆకుపచ్చగా మారి చుక్కలుగా కారుతుంది. షిగరాకి కుండ అనగానే అందరూ చూసేది ఆ పచ్చ చుక్కనే. అంత జపాన్‌తనం ఉన్న ఆ చుక్క పేరు బీదొరో. అది గాజుకి పోర్చుగీసు వాళ్ల మాట. అనగామ పద్ధతేమో కొరియా నుంచి వచ్చింది. ఇది తెలిశాక నాకు నకలు అనే భయం సగం తగ్గింది. అందరూ అరువు తెచ్చుకున్నవాళ్లే. తెచ్చుకున్నాక ఎన్నాళ్లు, ఎలా వాడుకున్నారన్నదే లెక్క.

అయితే అరువు అనే మాట అన్ని చోట్లా సరిపోదు. 1592 నుంచి 1598 వరకు జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద చేసిన యుద్ధాల్లో అక్కడి కుమ్మరులను చాలామందిని జపాన్‌కి పట్టుకొచ్చారు. ఇప్పటి కగొషిమా ప్రాంతం, అప్పటి సత్సుమాలో, వాళ్లు మొదట్లో చేసిన తెల్ల టీ గిన్నెలకి హిబకరి అని పేరు. అంటే నిప్పు మాత్రమే. మట్టి కొరియాది, చేతులు కొరియావి, నిప్పు ఒక్కటే జపాన్‌ది. అలా వచ్చినవాళ్లలో ఒకరైన యి సమ్‌ప్యాంగ్ 1616లో అరిత అనే ఊరి దగ్గర ఇజుమియామాలో పింగాణీకి పనికొచ్చే తెల్ల రాయి కనుక్కున్నాడని చెబుతారు. జపాన్ పింగాణీ కథ అక్కడి నుంచే మొదలవుతుంది. వీళ్లెవరూ ప్రేరణ కోసం విదేశం వెళ్లలేదు. సెరామిక్స్ చరిత్రలో దేశాలు దాటి వచ్చిన చేతులన్నీ ఇష్టపడి దాటినవి కావు. అరితలో మ్యూజియం చూస్తూ అబ్బా ఎంత అందం అనుకునేటప్పుడు ఇది గుర్తుంటే మంచిది.

ఇష్టపడి వెళ్లినవాళ్లలో నాకు గురువులాంటివాడు జపాన్ కుమ్మరి హమాద షోజి. ఆయన 1920లో ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో కలిసి ఇంగ్లండ్ వెళ్లాడు. కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ అనే సముద్ర తీరపు ఊళ్లో ఇద్దరూ స్టూడియో పెట్టారు, జపాన్ తరహా మెట్ల కిల్న్ కట్టారు. కార్న్‌వాల్‌లో కట్టెలకి కరువు! ఆ కిల్న్ సరిగా పనిచేయక, 1922లో వచ్చిన మత్సుబయాషి అనే జపాన్ కిల్న్ నిపుణుడు దాన్ని మళ్లీ కట్టాల్సి వచ్చింది. 1930ల చివరికి దాన్ని నూనెతో కాల్చేలా మార్చుకున్నారు. ఒక దేశపు కిల్న్‌ని దాని అడవి లేకుండా తెచ్చుకుంటే ఏమవుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

హమాద ఇంగ్లండ్ నుంచి ఏం తెచ్చుకున్నాడు? పాతకాలపు ఇంగ్లిష్ స్లిప్‌వేర్, అంటే పల్చటి మట్టి పూతతో అలంకరించిన కుండలు, ఆయన మీద ప్రభావం చూపింది, నిజమే. కానీ ఆయన్ని ఎక్కువగా కదిలించింది సస్సెక్స్‌లోని డిచ్లింగ్ అనే పల్లె. అక్కడ నేతపని చేసే ఎథెల్ మెరెట్, శిల్పి ఎరిక్ గిల్ లాంటివాళ్లు పల్లెలో ఉంటూ, తమ చేత్తో చేసిన వస్తువుల మధ్యే బతుకుతూ పనిచేసేవాళ్లు. కళాకారుడు నగరంలో ఉండక్కర్లేదు అన్న సంగతి ఆయన ఇంగ్లండ్‌లో చూశాడు. 1924లో జపాన్ తిరిగొచ్చి మషికో అనే పల్లెలో స్థిరపడ్డాడు. అది తోక్యో వంటిళ్లకి నీళ్ల జాడీలు, మూకుళ్లు చేసి పంపే ఊరు. అక్కడ దొరికే ఇనుప రాయి పొడితో వచ్చే కకి గ్లేజ్‌నే, అంటే పెర్సిమన్ పండు రంగు గ్లేజ్‌నే, జీవితాంతం వాడుకున్నాడు.

ఆయన తన జీవితాన్ని నాలుగు ఊళ్లలో చెప్పుకున్నాడు: దారి క్యోతోలో దొరికింది, మొదలు ఇంగ్లండ్‌లో పడింది, నేర్చుకున్నది ఒకినావాలో, పెరిగింది మషికోలో. ఆ ఒకినావాలో చెరకు పైరు చూసి గీసుకున్న చిన్న బొమ్మ ఉంది. నాలుగు గీతలు, గాలికి వంగిన ఆకులు, అంతే. దాన్నే దశాబ్దాల పాటు కుండల మీద వేస్తూ పోయాడు. మీరు ఏడాదిలో పది స్కెచ్‌బుక్కులు నింపుతారని నాకు తెలుసు, నేనూ నింపాను. అందులోంచి పదేళ్ల తర్వాత కూడా మీ కుంచె దానంతటదే వేసే గీత ఒక్కటి మిగిలితే అదృష్టవంతులు.

లీచ్ గురించి పొగడ్తలు మీరు ఎక్కడైనా చదువుతారు, నేను వేరే చెప్పక్కర్లేదు. 1887లో హాంకాంగ్‌లో పుట్టాడు, 1909లో ఎచింగ్, అంటే లోహపు పలక మీద గీసి బొమ్మలు అచ్చు వేయడం, నేర్పడానికి జపాన్ వెళ్లాడు, 1911లో ఒక విందులో తన చేత్తో బొమ్మ వేసిన రాకు కుండ గంటలోపే కాలి బయటికి రావడం చూసి కుండల్లో పడిపోయాడు. గొప్ప జీవితమే. కానీ ఇంగ్లండ్‌లో మంచి కుండ అంటే తూర్పు దేశాల కుండలా బరువుగా, గోధుమ రంగులో ఉండాలనే అభిప్రాయం ఆయన వల్లే బలపడిందని నాకనిపిస్తుంది. ఆ అభిప్రాయం వల్ల ఇబ్బంది పడిన ఒక మనిషి ఉంది.

లూసీ రీ. 1902లో వియన్నాలో పుట్టింది. అక్కడే చదువుకుని, 1937 పారిస్ ప్రదర్శనలో వెండి పతకం తెచ్చుకుంది. యూదురాలు కావడంతో 1938లో దేశం విడిచి లండన్ చేరింది. అక్కడ ఆమెను ఎవరూ ఎరగరు. యుద్ధకాలంలో బట్టలకి గుండీలు చేసి బతికింది. ఆమె కుండలు మరీ పల్చగా ఉన్నాయని లీచ్ విమర్శించాడు. ఆమె కొన్నాళ్లు ఆయన చెప్పినట్టు దళసరిగా చేయడానికి ప్రయత్నించింది కూడా. పొసగలేదు. 1946లో పని వెతుక్కుంటూ ఆమె స్టూడియోకి వచ్చిన హాన్స్ కోపర్, తనూ జర్మనీ నుంచి పారిపోయి వచ్చినవాడే, ఆమెను మళ్లీ తన సొంత దారికి తిప్పాడు. విదేశంలో మీకు కావలసింది ఇలాంటి ఒక్క మనిషి. గురువే కానక్కర్లేదు.

ఇంకో సంగతి నాకు బాగా ఇష్టం. 1940ల చివర్లో ఆమె ఇంగ్లండ్‌లోని ఏవ్‌బరీ అనే చోట చిన్న మ్యూజియం చూసింది. కంచు యుగపు కుండలు, వాటి మీద గీతలు, ఆ గీతలు గీయడానికి వాడిన పక్షి ఎముకలు ఒకే చోట పెట్టారు. ఆమె ఆ కుండల ఆకారం తీసుకోలేదు, రంగూ తీసుకోలేదు. సూది తీసుకుని, ముదురు రంగు పూత మీద సన్నటి గీతలు గీకడం మొదలుపెట్టింది. తర్వాత ఆ గీతలే ఆమె పనికి గుర్తయ్యాయి. మ్యూజియంలో వేలమంది కుండను చూశారు, ఆమె ఎముకను చూసింది. మీరు మ్యూజియంకి వెళ్లినప్పుడు ఇది ఏ పనిముట్టుతో, ఏ వైపు నుంచి, తడిగా ఉన్నప్పుడా ఆరాకా అని అడుగుతూ చూడండి. కుదిరితే అడుగు చూపించమనండి. కుండ అడుగు అబద్ధం చెప్పదు, గ్లేజ్ ఎక్కడ ఆగింది, దారంతో ఎలా కోశారు, మట్టి అసలు రంగేమిటి అన్నీ అక్కడే ఉంటాయి.

మగ్దలీన్ ఒడుండో కథ మీ భయానికి సూటి జవాబు. 1950లో నైరోబీలో పుట్టింది, 1970ల మొదట్లో చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లింది. అక్కడ మట్టి పరిచయమయ్యాక నైజీరియాలోని అబూజాకి వెళ్లి, 1950ల మొదట్లో ఇంగ్లిష్ కుమ్మరి మైకేల్ కార్డ్యూ నెలకొల్పిన కేంద్రంలో లాడి క్వాలీ లాంటి స్త్రీల దగ్గర చేత్తో కుండ కట్టడం నేర్చుకుంది. లాడి క్వాలీ బొమ్మ నైజీరియా 20 నైరా నోటు మీద ఉంటుంది, కుమ్మరి బొమ్మ నోటు మీద వేసే దేశాలు ఎన్నున్నాయో చెప్పండి! ఆ పద్ధతిలో సారె ఉండదు. కుండ తిరగదు, మనిషే కుండ చుట్టూ తిరుగుతుంది. కెన్యా అమ్మాయి ఇంగ్లండ్ వెళ్లి, నైజీరియాలో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుని, మళ్లీ ఇంగ్లండ్‌లో పనిచేసింది. సన్నటి మట్టి పూత పూసి, గంటల తరబడి నున్నగా రుద్ది కాల్చిన ఆమె కుండలు నారింజ రంగులోనో, పొగ పట్టి నల్లగానో మెరుస్తాయి. అవి ఏ దేశానివని ఎవరైనా అడిగితే ఆమెవి అని తప్ప ఇంకేం చెప్పలేం.

గురుచరణ్ సింగ్ పేరు కూడా ఇక్కడే చెప్పాలి. 1919లో సెరామిక్స్ చదవడానికి జపాన్ వెళ్లాడు, అక్కడ లీచ్, హమాద, జానపద కళల గురించి రాసిన యనగి వాళ్లందరినీ కలిశాడు. తిరిగొచ్చి, చాలా ఏళ్ల తర్వాత 1952లో ఢిల్లీలో పెట్టుకున్న స్టూడియో పేరు ఢిల్లీ బ్లూ. జపాన్‌లో నేర్చుకున్నవాడు ఢిల్లీలోని పఠాన్ కుమ్మరుల నీలం రంగు పట్టుకున్నాడు.

ఇప్పుడు నా సిగ్గుమాలిన ఏడాదిన్నర. తిరిగొచ్చాక నా దగ్గర ఉన్నది గ్యాస్ కిల్న్. అనగామ కట్టే చోటూ లేదు, కట్టెలూ లేవు. కానీ పచ్చ చుక్క కావాలి. కాబట్టి జాడీ భుజం మీద పల్చగా గ్లేజ్ పూసి, దాని మీద టీ వడపోసే జల్లెడతో కట్టె బూడిద చల్లి కాల్చేదాన్ని. అద్భుతంగా వచ్చేవి. కొన్నవాళ్లు అబ్బ, షిగరాకి అనేవాళ్లు. నేను కాదనలేదు. ఒక ప్రదర్శనలో చాలా ఏళ్లు కట్టె కిల్న్‌లతో పనిచేసిన ఒకావిడ నా జాడీ చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా చుట్టూ తిప్పి, మర్యాదగా అడిగింది: "మంట ఎటు నుంచి వచ్చింది?"

జవాబు లేదు. అనగామలో బూడిద మంట వచ్చే వైపే పడుతుంది. కుండకి ముఖం, వీపు ఏర్పడతాయి. నా జాడీకి చుట్టూ సమానంగా బూడిద ఉంది, జల్లెడతో చల్లాను కదా. ఆవిడకి అర్థమైపోయింది. ఇంకేమీ అనకుండా జాడీ కింద పెట్టేసి, పక్క టేబుల్ దగ్గరికి వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

ఆ తర్వాత ఆరు నెలలు అమ్మకానికి ఏమీ చేయలేదు. నాకు దొరికే మట్టిని జల్లెడ పట్టకుండా, సగం పట్టి, పూర్తిగా పట్టి, మూడు రకాలుగా పలకలు చేసి కాల్చాను. నా గ్యాస్ కిల్న్‌లో మంటకి కూడా దిశ ఉందని, ఎడమ బర్నర్ పక్కనున్న మూల మిగతా వాటికంటే ఎక్కువ వేడెక్కుతుందని, అక్కడ పెట్టిన కుండకి ఒక పక్క రంగు ముదురుతుందని అప్పుడే కనిపెట్టాను. పదేళ్లుగా ఆ మూలని లోపం అనుకుని ఖాళీగా వదిలేసేదాన్ని! ఇప్పుడు నా పనిలో ముప్పాతిక భాగం ఆ మూలలోంచే వస్తుంది. చూసినవాళ్లెవరూ జపాన్ పేరెత్తరు.

కాస్త పనికొచ్చే విషయాలు చెప్పి ముగిస్తాను.

గ్లేజ్ రెసిపీలు రాసుకురావడం వల్ల పెద్ద లాభం లేదు. అక్కడి ఫెల్డ్‌స్పార్‌లో పొటాషియం ఎక్కువ, మీకు దొరికేదాంట్లో సోడియం ఎక్కువ అయితే, అదే తూకం వేసినా గ్లేజ్ కారిపోవచ్చు, లేదా చల్లారాక సన్నటి గీతలుగా చిట్లిపోవచ్చు. నాకు రెండూ అయ్యాయి. వాడిన ప్రతి ముడిసరుకుకీ రసాయన విశ్లేషణ కాగితం అడగండి, సిలికా ఎంత, అల్యూమినా ఎంత, కాల్షియం ఎంత అని. అది ఉంటే మీ దగ్గర దొరికే వాటితో అదే గ్లేజ్‌ని లెక్కగట్టి మళ్లీ కట్టుకోవచ్చు. మంట సంగతీ అంతే. ఇనుము ఒకటి రెండు శాతం ఉన్న గ్లేజ్ ఆక్సిజన్ తక్కువైన మంటలో సెలడాన్ అనే లేత పచ్చగా వస్తుంది. ఎలక్ట్రిక్ కిల్న్‌లో అదే గ్లేజ్ తేనె రంగుకి తిరుగుతుంది. మీ దగ్గర ఉన్నది ఎలక్ట్రిక్ కిల్న్ అయితే మనసు కష్టపెట్టుకోకండి. లూసీ రీ లండన్‌లో పనంతా ఎలక్ట్రిక్ కిల్న్‌లోనే, పచ్చి కుండ మీదే గ్లేజ్ పూసి ఒక్కసారి కాల్చి సాధించింది.

ఏడాది మొత్తం ఉండండి, ఆరు నెలలకి తగ్గించుకోవద్దు. జూన్, జూలై వానల్లో కుండ రోజుల తరబడి ఆరదు. పిడి అతికించడానికి పొద్దున్నే చూసుకుంటే ఇంకా మెత్తగానే ఉంటుంది. షిగరాకి ఎత్తు ప్రాంతం, చలికాలంలో రాత్రుళ్లు సున్నా కిందికి పోతుంది. తడి కుండలు కప్పకుండా వదిలేస్తే లోపలి నీళ్లు గడ్డకట్టి, పైన ఆకుల్లాంటి గీతలు పడతాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మంచు కరగ్గానే కుండ కూలబడుతుంది. ఒకే మట్టి నాలుగు కాలాల్లో నాలుగు రకాలుగా ప్రవర్తించడం చూస్తేనే దాని స్వభావం తెలిసేది.

కట్టె కిల్న్ కాల్చేటప్పుడు రాత్రి షిఫ్ట్ అడిగి తీసుకోండి. మొదలుపెట్టే ముందు కిల్న్ దేవుడికి ఉప్పు, సాకె అనే బియ్యపు మద్యం పెడతారు. ఆ తర్వాత తెల్లవారుజామున మూడింటికి, కట్టె వేశాక వచ్చే పొగ రంగు చూస్తూ కూర్చున్నప్పుడు, పగలు ఒక్క మాట కూడా మాట్లాడని మనుషులు మాట్లాడతారు. భాష రాకపోయినా ఫర్వాలేదు. మంట, పొగ, కట్టె, ఆగు, ఇంకొకటి: ఈ ఐదు మాటలతో నేను నాలుగు రాత్రులు నెట్టుకొచ్చాను.

నోట్‌బుక్‌లో బొమ్మలతో పాటు పోయినవి కూడా రాయండి. పగిలిన ప్రతి కుండ కిల్న్‌లో ఎక్కడుంది, ఎంత దళసరి, ఎన్ని రోజులు ఆరింది. నా స్కెచ్‌బుక్కులు అటకెక్కాయి. పగిలిన కుండల నోట్‌బుక్ మాత్రం ఇప్పటికీ పని బల్ల మీదే ఉంది, బురద మరకలతో.

సామాను గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను, బరువు ఎక్కువైతే విమానంలో తంటా. నేను ఒక చిన్న సంచీడు పరీక్ష పలకలు, ఒక తూనీగ, ఒక జాడీ తెచ్చుకున్నాను. జాడీ మొదటి ఏడాది చలికాలంలో, సారె ఇంకా చేతికి లొంగని రోజుల్లో చేసింది. అడుగున సన్నటి పగులుంది, నీళ్లు పోస్తే కారుతుంది. కుంచెలు పెట్టుకుంటున్నాను.